స్మార్ట్ ఉంగరం: మార్కెట్‌ను తేల్చేది సెన్సర్ కాదు, సైజు

ఇయర్‌బడ్స్, చేతి గడియారాలు తయారు చేసి అమ్ముతున్న ఒక మధ్యతరహా సంస్థ స్మార్ట్ ఉంగరాల వ్యాపారంలోకి, అంటే వేలికి పెట్టుకుంటే నాడిని, ఒంటి వేడిని, నిద్రను నమోదు చేసే ఉంగరాల వ్యాపారంలోకి దిగాలనుకుంది. దిగవచ్చా, దిగితే ఎవరి కోసం, ఏ రూపంలో, ఎంత సరుకుతో అన్నది తేల్చే పని మా బృందానికి అప్పగించింది. కొత్త ఎలక్ట్రానిక్ వస్తువులకు మార్కెట్ ప్రణాళికలు వేయడం నా వృత్తి. సంస్థ పేరు, అమ్మకాల లెక్కలు బయటపెట్టకూడదన్న ఒప్పందం ఉంది కాబట్టి అవి ఇక్కడ ఉండవు. మేం ఏ నిర్ణయానికి ఎందుకు వచ్చామో మాత్రం పూర్తిగా రాస్తున్నాను. ఈ వస్తువు గురించి జరిగే చర్చంతా సెన్సర్ల చుట్టూ, యాప్‌ల చుట్టూ తిరుగుతోంది. లాభనష్టాలు తేలే చోటు మాత్రం వేరే ఉంది.

సంస్థ మాకిచ్చిన తొలి ప్రణాళిక ఉంగరాన్ని చిన్న గడియారంగా చూసింది. గడియారంలో ఉన్న సెన్సర్లే ఇందులోనూ ఉంటాయి, యాప్ ఇప్పటికే ఉంది, డీలర్లు ఉన్నారు, ఇక కావలసింది అయిదు ఆకర్షణీయమైన రంగులు, మంచి ప్రచారం అన్నది దాని సారాంశం. పన్నెండు సైజులు, అయిదు రంగులు, పండుగల సీజనుకు ముందే విడుదల. ఆ కాగితం మీద ప్రతి అంకె సరిగానే ఉంది. గడియారానికైతే.

ఇంతవరకు జరిగింది

ఈ మార్కెట్ నిన్న మొన్న పుట్టింది కాదు. స్మార్ట్ ఉంగరాలు చేసే ఔరా సంస్థ 2013లో ఫిన్లాండ్‌లోని ఊలు నగరంలో మొదలైంది. 2015లో కిక్‌స్టార్టర్ వేదికపై ముందస్తు చెల్లింపులు సేకరించి తొలి ఉంగరాన్ని తెచ్చింది. 2017లో మోటివ్ అనే మరో సంస్థ ఉంగరం వచ్చింది. సన్నగా, ముచ్చటగా ఉందని మంచి పేరు తెచ్చుకుంది. అయినా 2020లో ఆ సంస్థ ప్రాక్సీ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది, ఉంగరం అమ్మకాలు ఆగిపోయాయి. ఆ ప్రాక్సీని 2023లో ఔరాయే కొనుక్కుంది.

మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ తన సీజన్‌ను ఆర్లాండోలో ఒకే ఆవరణలో నడిపినప్పుడు ఆటగాళ్లకు ఔరా ఉంగరాలు అందుబాటులో ఉంచింది. ఒంటి వేడిలో తేడాను ముందే పసిగట్టే వస్తువుగా ఉంగరం లక్షలాది మంది దృష్టిలో పడింది అప్పుడే. ఔరా స్వయంగా ప్రకటించిన లెక్కల ప్రకారం 2022 నాటికి 10 లక్షలు, 2024 మధ్యనాటికి 25 లక్షలు, 2025 సెప్టెంబరు నాటికి 55 లక్షల ఉంగరాలు అమ్ముడయ్యాయి. మొదటి 10 లక్షలకు దాదాపు ఏడేళ్లు పట్టిన చోట, చివరి 30 లక్షలకు ఏడాదిన్నర కూడా పట్టలేదు. 2024 జులైలో శామ్‌సంగ్ గెలాక్సీ రింగ్ అనే తన ఉంగరంతో రంగంలోకి దిగింది.

మాకు పని అప్పగించిన సంస్థ యాజమాన్యాన్ని ఊరించింది ఈ అంకెలే. నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం మోటివ్ దగ్గర. మంచి వస్తువు, మంచి పేరు, అనువైన సమయం ఉండి కూడా ఒక సంస్థ ఈ వ్యాపారంలో నిలదొక్కుకోలేదంటే, ఆ కారణం సెన్సర్ పట్టికలో కనిపించేది కాదు.

వేలు ఇచ్చేది, ఇవ్వనిది

ఉంగరం ఎందుకు పనిచేస్తుందో కొంచెం చూడాలి. ఇలాంటి పరికరాలన్నీ చర్మంలోకి కాంతి పంపి, తిరిగి వచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి నాడిని లెక్కిస్తాయి. మణికట్టు పైభాగంలో ఎముక, స్నాయువులు ఎక్కువ, రక్తప్రసరణ తక్కువ. వేలికైతే అరచేతి వైపు రెండు పక్కలా ధమనులు ఉంటాయి. ఎరుపు, పరారుణ కాంతి అక్కడ లోతుగా చేరి స్పష్టమైన సంకేతాన్ని తెస్తుంది. మనిషి కదలకుండా నిద్రపోతున్నప్పుడు వేలి నుంచి వచ్చే నాడి చాలా శుభ్రంగా ఉంటుంది.

అదే వేలు బరువులెత్తేటప్పుడు, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు నలుగుతుంది. ఉంగరం జరుగుతుంది, బయటి వెలుతురు లోపలికి చొరబడుతుంది, లెక్క చెదిరిపోతుంది. కాబట్టి ఇది రాత్రి పరికరం. వ్యాయామంలో గడియారంతో పోటీ పడుతుందని చెప్పి అమ్మితే ఆ సరుకు వెనక్కి వస్తుంది.

బ్యాటరీ కూడా ఇదే చెబుతుంది. మామూలు స్మార్ట్ గడియారంలో సుమారు 300 మిలియాంపియర్-గంటల బ్యాటరీ ఉంటుంది. ఉంగరంలో ఉండేది ఇరవై, కాస్త అటూ ఇటూ. గెలాక్సీ రింగ్ చిన్న సైజులో 18, పెద్ద సైజుల్లో 22కు పైన. ఇరవై మిలియాంపియర్-గంటలతో ఆరు రోజులు, అంటే 144 గంటలు నడవాలంటే సగటున ఉంగరం వాడుకోగలిగేది 0.14 మిలియాంపియర్లే. కాంతి పంపే దీపం ఒక్కటే వెలిగిన క్షణంలో దానికి ఎన్నో రెట్లు తీసుకుంటుంది. అందుకే ఏ ఉంగరమూ పగలంతా ఏకబిగిన కొలవదు. కొన్ని నిమిషాలకోసారి కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంటుంది. ఎప్పుడు తెరవాలన్నది నిర్ణయించే ఫర్మ్‌వేరే, అంటే ఉంగరం లోపల నడిచే సాఫ్ట్‌వేరే, ఈ పరికరానికి అసలు బ్యాటరీ.

అసలు చిక్కు

అమెరికన్ కొలతల్లో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ మధ్య వ్యాసంలో తేడా సుమారు 0.8 మిల్లీమీటర్లు, చుట్టుకొలతలో సుమారు 2.5 మిల్లీమీటర్లు. వేలు మాత్రం రోజంతా ఒకే లావులో ఉండదు. ఎండకు, నడకకు, ఉప్పు ఎక్కువైన భోజనానికి, నిద్రకు ఉబ్బుతుంది, తగ్గుతుంది. నగల ఉంగరం కాస్త వదులైతే తిరుగుతుంది, అంతే. కాంతితో కొలిచే ఉంగరం వదులైతే పనిచేయదు, బిగుతైతే ఎవరూ పెట్టుకోరు. పైగా వెడల్పాటి పట్టీ అదే సైజు సన్నటి ఉంగరం కంటే బిగుతుగా అనిపిస్తుంది, కాబట్టి నగల దుకాణంలో తెలుసుకున్న సైజు ఇక్కడ సరిపోకపోవచ్చు. ఔరా, శామ్‌సంగ్ రెండూ ముందుగా నమూనా ఉంగరాల కిట్ పంపి, ఒక రోజు పూర్తిగా పెట్టుకుని చూశాకే సైజు ఖరారు చేసుకోమని చెప్పేది ఇందుకే.

నగల ఉంగరాన్ని కోసి, అతికి, సైజు మార్చవచ్చు. ఇందులో లోహపు పెంకు లోపల వంపు తిరిగిన బ్యాటరీ, వంగే సర్క్యూట్ బోర్డు ఉంటాయి, వాటి మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి గట్టిపరుస్తారు. సైజు 12ని సైజు 9 చేయలేరు. ప్రతి సైజుకు పెంకు వేరు, బోర్డు పొడవు వేరు, చాలా సందర్భాల్లో బ్యాటరీ కూడా వేరు. గడియారం బెల్టుకు రంధ్రాలు ఉన్నాయి కాబట్టి ఒకే గడియారం అందరి చేతికీ సరిపోతుంది. ఉంగరాల వ్యాపారం ఆ విషయంలో గడియారాల కంటే చెప్పుల వ్యాపారానికే దగ్గర.

ఇప్పుడు సంస్థ ప్రణాళికను మళ్లీ చూడండి. పన్నెండు సైజులు, అయిదు రంగులు: అరవై రకాల సరుకు. శామ్‌సంగ్ అంతటి సంస్థ గెలాక్సీ రింగ్‌ను తొమ్మిది సైజుల్లో, మూడు రంగుల్లో, అంటే ఇరవై ఏడు రకాలతో మొదలుపెట్టింది. అరవై రకాల్లో దేనికి ఎంత గిరాకీ ఉంటుందో ముందే ఊహించాలి. ఊహ తప్పిన ప్రతిచోటా ఒక సైజు అయిపోయి కొనేవాళ్లు తిరిగి వెళ్తారు, మరో సైజు గోదాములో మూలుగుతుంది. పైగా ఉంగరాల డిమాండ్ మధ్య సైజుల్లో గుమికూడి చివరలకు పల్చబడుతుంది. చివరి సైజులు లేకపోతే కొందరిని వదులుకోవాలి, ఉంటే ఏళ్ల తరబడి మోయాలి.

డీలర్ల సంగతి మరీ కష్టం. అరవై రకాల్లో ఒక్కొక్కటి పెట్టుకునే స్థోమత చిన్న డీలరుకు ఉండదు. ఏదో ఒకటి పెట్టుకుంటే వచ్చినవారికి సరిపడేది దొరకదు.

మేం నమూనా ఉంగరాలతో చేసిన పరీక్షలో ఈ సమస్య మరో వైపు నుంచి కనిపించింది. పాల్గొన్నవారిలో ఒక మహిళకు రాత్రి గ్రాఫులో పెద్ద పెద్ద ఖాళీలు వచ్చాయి. ఆమె చూపుడు వేలికి పెట్టుకున్న ఉంగరాన్ని ఎదురుగా కూర్చుని చూశాం. లోపలివైపు ఉండే మూడు సెన్సర్ బుడిపెలు అరచేతి వైపు ఉండాలి. అవి వేలి వెనక్కి తిరిగిపోయి ఎముక మీద ఆనుకున్నాయి. ఆమెకు కణుపు లావు, వేలి మొదలు సన్నం. కణుపు దాటేంత పెద్ద ఉంగరం కణుపు దాటాక గిరగిరా తిరుగుతోంది. ఒక సైజు తగ్గిస్తే పొద్దున ఎక్కింది గాని సాయంత్రం సబ్బు నీళ్లు లేకుండా బయటికి రాలేదు. రెండో చేతి మధ్యవేలికి మార్చాం. అదే సైజు ఉంగరం కదలకుండా కూర్చుంది. మర్నాటి గ్రాఫు నిండుగా వచ్చింది.

అంతవరకు కిట్‌తో పాటు ఇచ్చే సూచనల్లో ప్రశ్న ఇలా ఉండేది: మీ సైజు ఏది? దాన్ని మార్చి, ఏ వేలికి సరిగ్గా కూర్చుంది అని అడగడం మొదలుపెట్టాం. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు రెండు చేతులకూ కలిపి ఆరు. ఆరింటి లావులూ వేరువేరు. సైజుకూ సైజుకూ మధ్య ఉన్న ఖాళీని తయారీలో అరసైజులతో పూడ్చాలంటే రకాలు రెట్టింపవుతాయి. వేలు మార్చితే అదే ఖాళీ ఖర్చు లేకుండా పూడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన విషయం ఇదే. ఇందులో కొత్త సాంకేతికత ఏమీ లేదు.

రంగుల మీద వాదన

మేం ఇచ్చిన సలహా: అన్ని సైజులు, ఒకే రంగు. ప్రచార విభాగం అధిపతి దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. "ఇది నగ కూడా కదండీ. రంగు ఎంచుకోనివ్వకుండా నగ అమ్ముతామా?" అన్నారు. అది నిజమైన అభ్యంతరం. ఉంగరం రోజంతా కనిపిస్తుంది, ఇష్టం లేని రంగు వేలికి పెట్టుకుని ఎవరూ తిరగరు.

అయితే రెండు నష్టాల స్వభావం వేరు. నచ్చిన రంగు లేక కొనని మనిషి వల్ల అమ్మకం పోతుంది, డబ్బు పోదు. సైజు కుదరక వెనక్కి పంపిన మనిషి వల్ల రానుపోను రవాణా ఖర్చు పడుతుంది. ఉంగరాన్ని శుభ్రం చేసి, డేటా చెరిపి, మళ్లీ పరీక్షించి, కొత్త పెట్టెలో పెట్టాలి. అప్పటికీ దాన్ని కొత్తదిగా అమ్మడం న్యాయం కాదు. ఇంకా పెద్ద నష్టం, ఆ మనిషి ఈ వస్తువు పనిచేయదని పదిమందికి చెబుతారు. నిజానికి ఆమెకు లేదా ఆయనకు అందింది వేరే సైజు మాత్రమే. కిట్ల ద్వారా ఏ సైజుకు ఎంత గిరాకీ ఉందో తెలిశాక రంగులు చేర్చవచ్చు. చీకట్లో అరవై రకాల మీద పెట్టుబడి పెట్టడం కంటే ఇది మేలని యాజమాన్యం ఒప్పుకుంది.

కిట్‌ను ఎప్పుడు పంపాలన్నది మరో చర్చ. ముందు కిట్ ఉచితంగా పంపితే అడిగినవారిలో చాలామంది కొనరు. అందుకని ఆర్డరు, చెల్లింపు ముందు, తర్వాత కిట్, సైజు ఖరారయ్యాక ఉంగరం అన్న వరుస పెట్టాం. డబ్బు చేతికి వచ్చినా ఉంగరం పంపేదాకా అది రాబడి కాదు కాబట్టి ఆర్థిక విభాగం కాస్త ఇబ్బంది పడింది. డీలర్ల దగ్గర ఉంగరాలు కాకుండా కిట్లు మాత్రమే ఉంచాం. సరుకంతా ఒకే గోదాములో ఉంటుంది, అక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్తుంది. డీలరుకు కమీషన్ మాత్రం సైజు ఖరారు చేయించినందుకే దక్కుతుంది. ఇది వాళ్లకు నచ్చిందనే చెప్పాలి, సరుకు మీద డబ్బు ఇరుక్కోదు కదా.

ఎవరు కొంటారు

సంస్థ అంచనాలో కొనేవారు ఇప్పటికే గడియారం కొన్న, వ్యాయామం చేసే మగవారు. మాకు అలా అనిపించలేదు. ఉంగరం బాగా చేసే పని రాత్రి ఒంటి వేడిని, నాడిని స్థిరంగా నమోదు చేయడం. అండం విడుదలయ్యాక స్త్రీల శరీర ఉష్ణోగ్రత సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ మేర పెరుగుతుంది. అంత చిన్న మార్పును పట్టుకోవాలంటే రోజూ ఒకే పరిస్థితిలో కొలవాలి, నిద్ర అందుకు సరైన సమయం. నాచురల్ సైకిల్స్ అనే గర్భనిరోధక యాప్‌కు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది, 2022లో అది ఔరా ఉంగరం కొలతలతో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే థర్మామీటర్ పెట్టుకోవడం నుంచి విముక్తి అంటే కొనడానికి గట్టి కారణమే.

ఇక్కడ సైజు మళ్లీ అడ్డు వచ్చింది. స్త్రీలకు ఎక్కువగా చిన్న సైజులు కావాలి. చిన్న ఉంగరంలో బ్యాటరీ చిన్నది. శామ్‌సంగ్ కూడా ఏడు రోజుల మన్నికను పెద్ద సైజులకే చెప్పింది. కొనడానికి అందరికంటే మంచి కారణం ఉన్నవారికే అందరికంటే తక్కువ బ్యాటరీ దక్కుతోందన్నమాట. అందుకే పెట్టె మీద రాసే రోజుల లెక్క అతి చిన్న సైజును బట్టే ఉండాలని పట్టుబట్టాం. పెద్ద సైజు కొన్నవారికి అదనపు రోజు దొరికితే సంతోషిస్తారు. చిన్న సైజు కొన్నవారికి చెప్పిన రోజు దొరక్కపోతే మోసపోయామనుకుంటారు.

నెలసరి వివరాలు మనిషి దగ్గర ఉండే అతి సున్నితమైన సమాచారంలో ఒకటి. వాటిని ప్రకటనల కోసం ఎవరితోనూ పంచుకోబోమన్న హామీని యాప్ తొలి తెరమీదే పెట్టించాం.

చెప్పకూడని మాటలు

తయారీదారు ఇచ్చిన నమూనా పత్రంలో రక్తంలో చక్కెర అంచనా అన్న అంశం ఉంది. దాన్ని తీయించే విషయంలో నేను వెనక్కి తగ్గలేదు. చర్మాన్ని గుచ్చకుండా చక్కెర కొలుస్తామని చెప్పే గడియారాలు, ఉంగరాలు వాడవద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను స్పష్టంగా హెచ్చరించింది. అలాంటి పరికరం వేటినీ అది అనుమతించలేదు. ఒక మధుమేహ రోగి ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ తీసుకుంటే ప్రాణానికే ముప్పు. అమ్మకాల కోసం ఆడుకోదగిన విషయం కాదిది.

నిద్ర దశల విషయంలోనూ భాష జాగ్రత్తగా ఉండాలి. నిద్ర ప్రయోగశాలల్లో మెదడు తరంగాలను చూసి దశలు నిర్ణయిస్తారు. ఉంగరం నాడి, కదలిక, వేడిని బట్టి ఊహిస్తుంది. అందుకే యాప్‌లో "అంచనా" అన్న మాట ప్రతి గ్రాఫు మీదా ఉంటుంది.

చందా, పేటెంట్, చివరి రోజు

చందా గురించి క్లుప్తంగానే చెబుతాను. ఔరా 2021లో మూడో తరం ఉంగరంతో నెలవారీ చందా తెచ్చింది, శామ్‌సంగ్, ఉంగరాలు చేసే మరో రెండు సంస్థలు అల్ట్రాహ్యూమన్, రింగ్‌కాన్ చందా లేకుండా అమ్ముతూ వచ్చాయి. పేరున్న సంస్థ చందా అడగవచ్చు. కొత్తగా వచ్చినవారు అడిగితే కొనేవారు ముందు పక్కదాన్ని చూస్తారు. వద్దన్నాం.

పేటెంట్ విషయం ఇంకా గట్టిది. ఔరా 2024లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. అల్ట్రాహ్యూమన్, రింగ్‌కాన్ తన పేటెంట్‌ను ఉల్లంఘించాయని 2025 ఆగస్టులో కమిషన్ తేల్చింది, దిగుమతి నిషేధం అదే ఏడాది అక్టోబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. తయారీ కర్మాగారాలు సిద్ధంగా చూపించే నమూనాను తీసుకుని పేరు ముద్రించి అమ్మేద్దామనుకునేవారు ముందు పేటెంట్ న్యాయవాది దగ్గరికి వెళ్లాలి. మేం ఉంగరాల తయారీ అచ్చులకు డబ్బు కట్టకముందే ఆ పరిశీలన చేయించాం, లోపలి నిర్మాణంలో మార్పులు కూడా చేయించాల్సి వచ్చింది.

బ్యాటరీ చచ్చిన రోజు గురించి ఈ పరిశ్రమ మాట్లాడదు. పరికరాలను విప్పి, మరమ్మతు ఎంత సులువో చెప్పే ఐఫిక్సిట్ సంస్థ 2024లో గెలాక్సీ రింగ్‌ను విప్పి చూసి, దాన్ని నాశనం చేయకుండా బ్యాటరీ మార్చలేమని తేల్చింది. మిగతా ఉంగరాలూ చాలావరకు అలాంటివే. మొత్తం ఉంగరం బరువు కొన్ని గ్రాములే. అందులోని టైటానియం వందేళ్లు ఉండగలదు, బ్యాటరీ కొన్నేళ్లు. ఐరోపా సమాఖ్య బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవారే మార్చుకోగలగాలి. నీటిలో తడిసే పరికరాలకు మినహాయింపు ఉన్నా, కనీసం బయటి నిపుణులు మార్చగలిగేలా ఉండాలి. ఎపాక్సీలో కప్పేసిన ఉంగరానికి అది కూడా సులువు కాదు. పాత ఉంగరం తిరిగి ఇస్తే కొత్తదానిపై తగ్గింపు ఇవ్వాలని, వెనక్కి వచ్చినవాటిని రీసైక్లింగ్‌కు పంపాలని విడుదలకు ముందే ఒప్పందాల్లో రాయించాం. ఇది పూర్తి పరిష్కారం కాదు. విప్పగలిగే ఉంగరం రూపకల్పన మీద పరిశ్రమ డబ్బు పెట్టి తీరాలి.

విడుదల తర్వాత

తొలి విడతలో సైజు కుదరక వచ్చిన వాపసులు సంస్థ భరించగల హద్దులోనే ఉన్నాయి. మిగిలిన వాపసుల్లో పెద్ద భాగం వ్యాయామంలో నాడి సరిగా చూపడం లేదన్నవే. ప్రచారంలో ఆ మాట ఎక్కడా వాడకపోయినా కొనేవారు గడియారంతో పోల్చుకుంటున్నారు. దాంతో కొనుగోలు పేజీలోనే బరువులెత్తేటప్పుడు ఉంగరం తీసేయమని రాయించాం. టైటానియం మీద గీతలు పడకుండా ఉండటానికి కూడా అది అవసరమే.

అందరికంటే ముందు అయిపోయినవి చిన్న సైజులు. గడియారాల అమ్మకాలను బట్టి వేసిన అంచనా ప్రకారం అవి చివరగా అయిపోవాలి. రెండో విడత ఆర్డరును కిట్ల లెక్కల ప్రకారం మొత్తంగా తిరగరాశాం.

మూడు నెలల తర్వాత కూడా ఉంగరం వేలికి ఉందా లేదా అన్నది మేం చూసే ముఖ్య కొలమానం. మానేసినవారితో మాట్లాడితే విసుగు, నిరాశ వంటి కారణాల కంటే ఒక చిన్న సంగతి ఎక్కువగా బయటపడింది. ఛార్జింగ్‌కు తీసినవారు మళ్లీ పెట్టుకోవడం మరిచిపోతున్నారు. బ్యాటరీ బాగా తగ్గాక అర్ధరాత్రి ముందు హెచ్చరిక వస్తే తీసి పెట్టి పడుకుంటున్నారు, మర్నాడు బయటికి వెళ్లిపోతున్నారు. హెచ్చరికను సాయంత్రానికి మార్చి, ఈ రాత్రికి సరిపడా ఛార్జి ఉందో లేదో మాత్రమే చెప్పేలా చేశాం. స్నానానికి వెళ్లేటప్పుడు ఛార్జింగ్‌కు పెట్టి, పడుకునే ముందు మళ్లీ వేలికి తొడుక్కుంటే చాలు. మళ్లీ వేలికి ఎక్కిన ఉంగరాల సంఖ్య ఆ తర్వాత మెరుగుపడింది.

ప్రస్తుతం సంస్థ ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ప్రచార విభాగం రెండో రంగు కావాలంటోంది. చిన్న సైజుల పరిధిలో మాత్రం అరసైజులు తేవాలని నేను సూచించాను, ఎందుకంటే సన్నటి వేళ్లకు వేలు మార్చే ఉపాయం అన్నిసార్లూ పనిచేయడం లేదు, ఆ వేళ్ల మధ్య లావు తేడా చాలా తక్కువ. అచ్చుల ఖర్చు అంచనా కర్మాగారం నుంచి రావలసి ఉంది. అది వచ్చాక రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు.